పెల్లెట్ పొయ్యి అలిగితే...

గ్యాసు పొయ్యి వెలగకపోతే ఏం చూడాలో ఇంట్లో పిల్లల్ని అడిగినా చెప్పేస్తారు. సిలిండరు అయిపోయిందా, రెగ్యులేటరు తిప్పారా, పాలు పొంగి బర్నరు కన్నాలు పూడుకుపోయాయా... అంతే! కట్టెల పొయ్యి సంగతి సరేసరి, అమ్మమ్మలకు అది కొట్టిన పిండి. మరి తొట్టిలో పెల్లెట్లు పోసి, స్విచ్చు వేసి, పది నిమిషాలు ఎదురుచూసినా మంట రాకుండా తెల్లటి పొగ మాత్రమే వస్తుంటే? అక్కడే చాలామందికి చేతులాడవు. ‘మిషను పాడైంది’ అని ఒకరంటే, ‘నాలుగు చుక్కలు పెట్రోలు పోస్తే అదే అంటుకుంటుంది’ అని ఇంకొకరు సీసా అందుకుంటారు. మొదటి మాట చాలాసార్లు నిజం కాదు. రెండోది ప్రాణాల మీదికి తెచ్చే మాట.

మిక్సీ, మోటారు, ఫ్రిజ్జుల తర్వాత ఈ వారం వంతు పెల్లెట్ పొయ్యిది. గ్యాసు ఖర్చు తట్టుకోలేని హోటళ్లు, హాస్టళ్లు, వంట మేస్త్రీలు కొన్నేళ్లుగా దీనివైపు చూస్తున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్ల పెరట్లో ఇదే సూత్రంతో పనిచేసే పెల్లెట్ గ్రిల్లు ఉంటుంది. శని, ఆదివారాల్లో చికెన్ ముక్కలు కాలేది దానిమీదే. డాలస్‌లో గ్రిల్లయినా, భోగాపురంలో రోడ్డు పక్క హోటల్లో పొయ్యి అయినా అలిగే కారణాలు మాత్రం ఒకటే. ఆ కారణాలను వరుసగా వెదకడం తెలిస్తే మెకానిక్కు కోసం ఎదురుచూసే పని సగం తప్పుతుంది.

జంతికల్లాంటి కట్టె

ఇంతకీ పెల్లెట్ అంటే ఏమిటి? రంపపు పొట్టు, వేరుసెనగ తొక్కలు, చెరకు పిప్పి, ఊక లాంటివాటిని ఆరబెట్టి, పొడిచేసి, సన్నటి కన్నాలున్న ఉక్కు అచ్చులోంచి బలంగా నొక్కుతారు. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు కడ్డీలు బయటికొస్తాయి. సాధారణంగా 6 నుంచి 8 మిల్లీమీటర్ల లావు ఉంటాయి. ఇందులో జిగురేమీ కలపనక్కర్లేదు. కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఆ ఒత్తిడికి, వేడికి మెత్తబడి, చల్లారాక పొడినంతటినీ పట్టి ఉంచుతుంది. కిలో పెల్లెట్లు కాలిస్తే సుమారు 4,000 కిలోక్యాలరీల వేడి వస్తుంది. కిలో వంటగ్యాసు ఇచ్చేది దాదాపు 11,000.

మనకిది మరీ కొత్తేం కాదు. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, సీసా తీసేసి, కింద కన్నంలోంచి అగ్గి పెట్టే పొట్టు పొయ్యి పాతతరం వాళ్లందరికీ గుర్తే. ఆ పొట్టునే గట్టిగా నొక్కి కడ్డీలు చేస్తే పెల్లెట్. ఊదుడు గొట్టం బదులు ఫ్యాను, అగ్గిపుల్ల బదులు కరెంటు రాడ్డు. వేషం మారింది, విద్య పాతదే.

పొగే అసలు ఇంధనం

కట్టె తిన్నగా మండదు. ముందు వేడెక్కుతుంది. అందులోని నీరు ఆవిరైపోతుంది. ఆ తర్వాత కట్టెలోంచి మండే వాయువులు బయటికొస్తాయి. మనం మంట అని పిలిచేది ఆ వాయువులు గాలితో కలిసి కాలడాన్నే. పెల్లెట్ పొయ్యిలో రెండు చోట్ల గాలి అందుతుంది. అడుగు కన్నాల్లోంచి వచ్చే గాలి పెల్లెట్లను కణకణలాడించి వాయువును పుట్టిస్తుంది. పై కన్నాల్లోంచి వచ్చే గాలి ఆ వాయువును మండిస్తుంది. ఈ రెండూ సరిగ్గా కుదిరితే పొగ దాదాపు కనిపించదు. కుదరకపోతే మండాల్సిన వాయువే పొగై బయటికి పోతుంది. అంటే తెల్లగా, చిక్కగా వస్తున్న ఆ పొగ ఉత్త ఆవిరి కాదు, కాలకుండా మిగిలిన ఇంధనం. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువు.

గ్రిల్లులో ఇంకో రెండు భాగాలు ఎక్కువ. ఖీమా కొట్టే మిషనులో ఉన్నట్టు ఒక మర తిరుగుతూ తొట్టిలోని పెల్లెట్లను కొద్దికొద్దిగా నిప్పు గిన్నెలోకి తోస్తుంది. గిన్నె పక్కన నీళ్లు కాచే హీటరులాంటి చిన్న రాడ్డు ఎర్రబడి వాటిని అంటిస్తుంది. ఏ మోడలైనా సరే మంట పుట్టాలంటే కావాల్సినవి నాలుగు: పొడి పెల్లెట్లు, గాలి, తొలి వేడి, సరిపడా సరఫరా. వైద్యం కూడా ఇదే వరుసలో చేయాలి.

మొదటి ముద్దాయి... తేమ

భోగాపురం ఇప్పుడు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్న విమానాశ్రయంతో అందరికీ తెలిసిన ఊరు. అంతకుముందు నుంచీ అది సముద్రపు గాలి తగిలే ఊరు. కొబ్బరి, తాటి, జీడిమామిడి, సరుగుడు తోటల ఊరు. వానాకాలంలో ఈ తీరంలో గాలి తేమ 80 శాతం చుట్టుపక్కల ఉండటం మామూలే. పాపడాలు డబ్బాలోంచి తీసిన గంటకే మెత్తబడే చోట, మూతి విప్పిన పెల్లెట్ల బస్తా గచ్చు మీద వారం రోజులుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మంచి పెల్లెట్లలో తేమ 10 శాతానికి మించకూడదు. అది 20 శాతానికి చేరిందనుకోండి, కిలో పెల్లెట్లలో 200 గ్రాముల నీరు దాగి ఉన్నట్టు. ఆ గ్లాసుడు నీళ్లను మరిగించి ఆవిరి చేశాకే మంటకు వేడి మిగులుతుంది. చిన్న రాడ్డుకో, గుప్పెడు కొబ్బరి పీచుకో అంత శక్తి ఎక్కడిది? అందుకే పొగ వస్తుంది, మంట రాదు.

తేమ పరీక్షకు పరికరమేమీ అక్కర్లేదు. ఒక పెల్లెట్‌ను రెండు చేతులతో విరవండి. ‘టప్’మని తెగితే మంచిది. మెత్తగా వంగి, పొడిపొడిగా రాలితే చెమ్మ పట్టినట్టే. పైన నున్నటి మెరుపు పోయి, ఉబ్బి, పగుళ్లు కనిపించినా అదే అర్థం. కొద్దిగా చెమ్మగిల్లినవాటిని మంచి ఎండలో పట్టా మీద పలచగా ఆరబోసి వాడుకోవచ్చు. ఉబ్బి పొడైపోయినవాటిని మాత్రం తొట్టిలో పోయకండి. ఎండబెట్టినా ఆ పొడి మళ్లీ కడ్డీ కాదు, పైగా గాలి దారులకు అడ్డం పడుతుంది.

బస్తాలను నేలకు ఆనించకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టాలి. విప్పిన బస్తాలోని సరుకును బిగుతు మూత ఉన్న డ్రమ్ములోకి మార్చాలి. రాత్రి పొయ్యి కట్టేశాక తొట్టిలో మిగిలినదాన్నీ తీసేయాలి. తుపాను రోజుల్లో ఇది మరీ ముఖ్యం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిపోయాక ఉత్తరాంధ్రలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. సరిగ్గా గ్యాసు బండి రాని అలాంటి రోజుల్లోనే ఈ పొయ్యి అక్కరకు రావాలి. అప్పుడు డ్రమ్ములోని పొడి పెల్లెట్లే ఆస్తి. ఫ్యానుకు బ్యాటరీ ఉంటే అది రెండో ఆస్తి.

రెండో ముద్దాయి... బూడిద

పెల్లెట్లు పొడిగానే ఉన్నాయి, అయినా వెలగలేదు. అయితే నిప్పు గిన్నెలోకి తొంగిచూడండి. (చల్లారాకే సుమా!) అడుగు కన్నాలు కనిపిస్తున్నాయా? నిన్నటి బూడిద వాటిని మూసేసి ఉంటే ఫ్యాను ఎంత తిరిగినా గాలి పైకి రాదు.

ఇక్కడ పెల్లెట్ దేంతో చేశారన్నది చాలా ముఖ్యం. శుభ్రమైన కట్టె పొట్టుతో చేసినవాటిలో బూడిద ఒకటి రెండు శాతానికి మించదు. ఊకతో చేస్తే 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. అంటే పది కిలోలు కాలిస్తే కిలోన్నర నుంచి రెండు కిలోల బూడిద! వరి మిల్లులున్న మన ప్రాంతంలో ఊక కలిసిన పెల్లెట్లు చవగ్గా దొరుకుతాయి కానీ వాటితో పాటు బూడిద ఎత్తే పని కూడా కొనుక్కున్నట్టే. పైగా ఆ బూడిద గట్టి పెళ్లలుగా అంటుకుపోతుంది. చీపురుతో ఊడిస్తే సరిపోదు, ఇనుప పుల్లతో ఒక్కో కన్నాన్నీ పొడవాలి. బూడిదను ప్లాస్టిక్ బకెట్లో వేయొద్దు. పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు రవ్వలు గంటల తరబడి బతికే ఉంటాయి. మూత ఉన్న ఇనుప డబ్బాయే క్షేమం.

తర్వాత ఫ్యాను. దాని గాలి దారికి అడ్డంగా చెయ్యి పెట్టి చూస్తే గాలి వస్తోందో లేదో తెలిసిపోతుంది. రెక్కలకు నూనె జిడ్డు, పొట్టు పట్టి ఉంటే తుడవాలి. బ్యాటరీతో నడిచేదైతే చార్జింగు చూడాలి. తీరంలో ఉప్పుగాలి వల్ల వైర్ల కొసలకు పచ్చటి చిలుము పడుతుంది. స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, ఆ కొసలను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే ‘చచ్చిపోయిన’ ఫ్యాన్లు ఎన్నో బతుకుతాయి.

గాలి తక్కువైతేనే కాదు, ఎక్కువైనా ఇబ్బందే. అగ్గిపుల్లను ఉఫ్‌మని ఊదితే ఆరిపోదూ? అదే ఇక్కడా జరుగుతుంది. చేత్తో వెలిగించే పొయ్యిలో అయితే ముందు మంట అందుకోనిచ్చి, రెండు మూడు నిమిషాలయ్యాక ఫ్యానును నెమ్మదిగా పెంచాలి. సముద్రం వైపు నుంచి ఈదరగాలి కొడుతుంటే పొయ్యికి ఆ పక్కన రేకు అడ్డం పెట్టాలి.

మూడో ముద్దాయి... తొలి వేడి

గ్రిల్లులో రాడ్డు పనిచేస్తోందా? స్విచ్చు ఆపి, చల్లారాక, గిన్నెలోని పెల్లెట్లన్నీ తీసేయండి. ఇప్పుడు స్విచ్చు వేసి కాస్త దూరం నుంచి చూడండి. కొద్ది నిమిషాల్లో రాడ్డు ఎర్రబడాలి. ముట్టుకుని చూసే సాహసం మాత్రం వద్దు. ఎర్రబడకపోతే ముందు బోర్డులో ఫ్యూజు చూడాలి, తర్వాత రాడ్డు వైరు. రెండూ బాగుంటే రాడ్డు కాలిపోయినట్టే. బల్బులాగే దానికీ ఒక ఆయుష్షు ఉంటుంది. దాన్ని మారిస్తే సరిపోతుంది, గ్రిల్లు మార్చక్కర్లేదు.

రాడ్డు కాస్త వెచ్చబడి ఆగిపోతోందా? అయితే అనుమానించాల్సింది వోల్టేజీని. సాయంత్రం పూట బల్బులు మినుకుమినుకుమనే ఊళ్లకు ఇది కొత్త కష్టం కాదు. 230 వోల్టుల రాడ్డుకు 160 వోల్టులే అందాయనుకోండి, వేడి మూడో వంతు తగ్గుతుందనుకుంటాం. అలా కాదు. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సగం కూడా మిగలదు. సన్నటి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడినా ఇదే బాధ. లావు వైరుతో, దగ్గరి ప్లగ్గులో పెట్టి చూడండి.

అమెరికా నుంచి తెచ్చిన గ్రిల్లు అయితే తంతు తిరగబడుతుంది. అది 120 వోల్టులకు చేసిన వస్తువు. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే రాడ్డు మీద మూడున్నర రెట్లకు పైగా భారం పడుతుంది. ఒక్క వెలుగు వెలిగి ఆరిపోతుంది, దాంతోపాటు బోర్డు కూడా! వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

చేత్తో వెలిగించే పొయ్యిలో తొలి వేడికి మన ఊళ్లోనే బోలెడు సరంజామా ఉంది. ఎండిన కొబ్బరి పీచు, తాటాకు ముక్కలు, సరుగుడు ఆకు, నాలుగు హారతి కర్పూరం బిళ్లలు. వీటిని పెల్లెట్ల పైన పరిచి పైనుంచే అంటించాలి. చాలామంది కట్టెల పొయ్యి అలవాటులో అడుగు నుంచి అంటించబోతారు. ఈ రకం పొయ్యిలో నిప్పు పైనుంచి కిందికి దిగాలి. అప్పుడే కిందినుంచి వచ్చే వాయువు పైనున్న మంటలోంచి పోతూ కాలిపోతుంది. అడుగున అంటిస్తే వాయువంతా పొగై వంటింటిని నింపుతుంది.

నాలుగోది... సరఫరా

తొట్టి నిండుగా కనిపిస్తుంది, గిన్నెలో ఒక్క పెల్లెట్టూ పడదు. ఇలాంటప్పుడు తొట్టిలోకి ఒక కర్రతో కదిపి చూడండి. పెల్లెట్లు ఒకదానికొకటి ఆనుకుని కమానులా నిలబడిపోతాయి, కింద మర ఖాళీగా తిరుగుతుంటుంది. మర అసలు తిరగకుండా గుర్రుమంటుంటే చెమ్మపట్టిన పొట్టు అందులో సిమెంటులా బిగిసిందన్నమాట. ప్లగ్గు పీకి, తొట్టి ఖాళీ చేసి, ఆ గడ్డను పొడిచి తీయాలి. నీళ్లు పోసి కడగాలనుకుంటే పని రెట్టింపే. తొట్టి పూర్తిగా ఖాళీ అయ్యాక మళ్లీ నింపినప్పుడు పెల్లెట్లు మర పొడవునా ప్రయాణించి గిన్నెకు చేరేందుకు కొన్ని నిమిషాలు పడుతుంది. అది రోగం కాదు, ఆలస్యం మాత్రమే.

ఇవి మాత్రం వద్దు!

మంట రాలేదు కదా అని స్విచ్చు ఆపి వేసి, ఆపి వేసి చేస్తుంటారు కొందరు. వేసిన ప్రతిసారీ మర మరికొన్ని పెల్లెట్లను గిన్నెలో పోస్తుంది. చివరికి గిన్నె నిండిపోతుంది. మూత కింద పొగ దట్టంగా చేరుతుంది. ఆ పొగే ఇంధనమని ముందే అనుకున్నాం. ఎప్పుడో ఒక రవ్వ అంటుకుందా... అదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. అందుకే వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచాలి. పది నిమిషాల్లో మంట రాకపోతే ఆపేయాలి. చల్లారాక గిన్నె ఖాళీ చేసి మొదటినుంచి మొదలుపెట్టాలి. మూత వేసి ఉన్నప్పుడు పొగ చిక్కగా వస్తుంటే మొహం దగ్గర పెట్టి మూత ఎత్తకూడదు. ముందు స్విచ్చు ఆపి, దూరంగా జరిగి, పొగ తగ్గేదాకా ఆగాలి.

పెట్రోలు, కిరోసిన్, శానిటైజరు... వేడిగా ఉన్న గిన్నెలో ఏదీ పోయొద్దు. మంట కనిపించకపోయినా పెల్లెట్ల అడుగున నిప్పు ఉంటుంది. పోసిన ద్రవం ఆవిరై, ఆ ఆవిరి అంటుకుని, మంట సీసా దాకా పాకుతుంది. పోసినవాళ్ల చేతులు, మొహం, చీర కొంగు... అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. ఒకవేళ కాలితే ఆ చోట 20 నిమిషాలపాటు కుళాయి నీళ్లు పారనివ్వాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయొద్దు. గాయం పెద్దదైతే 108కి ఫోన్ చేయాలి.

తలుపులు మూసిన గదిలో ఈ పొయ్యి వెలిగించడం ఇంకో పొరపాటు. సగం కాలిన ఇంధనం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, కళ్లు తిరగడంతో మొదలై ప్రాణం తీస్తుంది. ఇంట్లో వంట పొగ కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగలేని పొయ్యి కొన్నది ఆ బాధ తప్పించుకోవడానికే కదా! పొగ వస్తున్నా సర్దుకుని వండేస్తే కొన్న ప్రయోజనమేముంది?

ఉత్తరాంధ్రకు ప్రత్యేకంగా ఇంకో మాట. జీడిపిక్కల తొక్కలు బాగా మండుతాయని పెల్లెట్లలో కలిపేస్తుంటారు. వాటిలోని నూనె చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. ఆ పొగ కళ్లకు, గొంతుకు మంట. తిండి వండే పొయ్యిలో, ముఖ్యంగా మాంసం నేరుగా కాల్చే గ్రిల్లులో అవి పనికిరావు. రంగు వేసిన చెక్కల పొట్టు, ప్లైవుడ్ పొట్టు కూడా అంతే.

పొయ్యి మంచిదే, మరి మేత?

మన దేశంలో పెల్లెట్ పొయ్యికి పెద్ద చరిత్రే ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు తీర్చిదిద్దిన పరిజ్ఞానంతో బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ 2006లో ‘ఊర్జా’ పొయ్యిని మార్కెట్లోకి తెచ్చింది. 600 గ్రాముల పెల్లెట్లు పోసి పైనుంచి అంటిస్తే సుమారు గంటసేపు మండేది. చిన్న ఫ్యాను, రీచార్జి బ్యాటరీలు దాని ప్రాణం. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లో దాదాపు 4 లక్షల పొయ్యిలు అమ్ముడుపోయాయి. తర్వాత పుణెలోని ఫస్ట్ ఎనర్జీ సంస్థ దాన్ని నడిపింది.

మరి అన్ని లక్షల పొయ్యిలు ఏమయ్యాయి? చాలావరకు అటకెక్కాయి. చెడిపోయి కాదు. ముడిసరుకు ధర పెరిగి పెల్లెట్లు ప్రియమయ్యాయి. కొన్ని ఊళ్లకు సరఫరా సరిగా అందలేదు. దాంతో ఇళ్లలో వాడకం తగ్గిపోయింది, ఆ సంస్థ హోటళ్లు, పెద్ద వంటశాలల వైపు మళ్లింది. కొనబోయేవారికి ఇందులో పాఠముంది. పొయ్యి ధర అడిగే ముందు పెల్లెట్లు ఎక్కడ దొరుకుతాయో, ఏడాది పొడవునా దొరుకుతాయో లేదో, దేంతో చేస్తారో, రాడ్డు, ఫ్యాను విడిగా అమ్ముతారో లేదో అడగాలి. మేత దొరకని చోట ఎంత జాతి ఎద్దును కొన్నా ఏం లాభం?

ఇక ఇంట్లో పొయ్యి ఉన్నవాళ్లు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి గోడకు అంటించుకోండి: పెల్లెట్ విరిచి చూడు, కన్నాలు పొడు, రాడ్డు ఎర్రబడిందా చూడు, తొట్టి కదుపు. ఈ నాలుగూ చూశాక కూడా వెలగకపోతే అప్పుడు మెకానిక్కును పిలవండి. అతనొచ్చేదాకా పెట్రోలు సీసా మాత్రం బండి దగ్గరే ఉండనివ్వండి. దాని చోటు అదే!